బిల్డ్ ఆగిన చోట

పోయిన వారం మనం మృదులను వదిలింది కనకదుర్గ వంటింట్లో. ముందు పెట్టిన టీ చల్లారిపోయింది. అది తాగకుండానే ఆమె ఒక మాట ఇచ్చేసింది. "గురువారానికి అంకుల్ తన జవాబు తనే చెప్పేలా చేస్తాను ఆంటీ." ఇచ్చాక, మంచులో తన ఇంటికి నడిచి వస్తూ, ఎలా చేస్తావని తనను తనే అడుక్కుంది.

కనకదుర్గ భర్త రాఘవులు ముప్పై ఏళ్లు కెనడాలోని కిచెనర్‌లో సిటీ బస్సు నడిపారు. శీతాకాలం మొదట్లో వచ్చిన స్ట్రోక్ ఆయన కుడిచేతిని, నోటిమాటను తీసుకుపోయింది. బస్సులో నేర్చుకున్న ఇంగ్లీషు కూడా వాటితోపాటే పోయింది. తెలుగులో చెబితే అర్థమవుతుంది. జవాబే రాదు. తల ఊపుతారు గానీ అవుననడానికీ కాదనడానికీ ఒకే రకంగా ఊపుతారు. గురువారం ఉదయం హోమ్ కేర్ ఆఫీసు నుంచి ఒకావిడ వస్తుంది. ఇకముందు ఈ ఇంట్లోనే ఉంటారా, పెద్దవాళ్లను ఉంచి చూసుకునే నర్సింగ్ హోమ్‌కు వెళ్తారా అని అడుగుతుంది. జవాబు ఆయనే ఇవ్వాలి. ఇవ్వలేకపోతే ఆఫీసువాళ్లే నిర్ణయిస్తారు. ఖాళీ ఉన్న నర్సింగ్ హోమ్ ఎక్కడో రెండు గంటల దూరాన, పొలాల మధ్య ఒక చిన్న ఊళ్లో ఉంది. కనకదుర్గకు డ్రైవింగ్ రాదు.

మృదుల ఇంటర్నెట్‌లో వెతికి పట్టుకున్నది ఒక బొమ్మల పలక. కంప్యూటర్ తెర మీద బొమ్మలుంటాయి. ఒకదాన్ని తాకితే ఆ మాట తెలుగులో వినిపిస్తుంది. ఎవరో కొందరు ఊరికే రాసి, ఎవరైనా వాడుకోండని అందరికీ వదిలిపెట్టిన ప్రోగ్రాం. అలాంటివి చాలా ఉన్నాయి. ఇందులో ఉన్న ప్రత్యేకత ఒకటే. రాఘవులుగారి ఎడమచేయి వణుకుతుంది. ఒక బొమ్మ తాకబోతే చేయి చుట్టూ ఉన్న నాలుగింటినీ తాకుతుంది. కనకదుర్గ ఆ చేయి పట్టుకుని తాకించబోతే పోయినసారి వచ్చిన ఆఫీసావిడ మెల్లగా అడ్డు చెప్పింది, అలా చేస్తే అది మీ జవాబవుతుందని. ఈ పలక వణుకును పక్కన పెట్టి, ఆ చేయి అసలు ఎటు వెళ్లాలనుకుందో పసిగడుతుందట. ప్రాజెక్టు పేజీలో వీడియో కూడా ఉంది. ఒక ముసలావిడ చేయి, సన్నని బంగారు గాజు, గాలికి ఆకు కదిలినట్టు ఆ వేళ్లు. తాకగానే "మంచినీళ్లు" అని పలక పలికింది.

అయితే అది తయారుగా దొరికే వస్తువు కాదు. మనుషులు చదివే భాషలో రాసిన ఫైళ్లను దించుకుని, యంత్రం నడిపే రూపంలోకి మనమే మార్చుకోవాలి. కంపైల్ చేయడమంటే అదే. మంగళవారం మధ్యాహ్నం మృదుల చేస్తున్న పనీ అదే.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. కింద బేస్‌మెంట్‌లో ఆమె భర్త రాజగోపాల్ చెవులకు హెడ్‌సెట్ పెట్టుకుని ఆఫీసు మీటింగులో ఉన్నాడు. అతని గొంతు అప్పుడప్పుడు మెట్ల మీదుగా పైకి వస్తుంది. అది మృదులతో మాట్లాడే గొంతు కాదు, ఇంగ్లీషులో నవ్వే గొంతు. కెనడాలోనే ఉన్న లండన్‌లో చదువుకుంటున్న కూతురు నిఖిలకు పొద్దున ఒక మెసేజ్ పెట్టింది, తిన్నావా అని. దాని కింద ఒక బొటనవేలు బొమ్మ వచ్చి కూర్చుంది. డైనింగ్ టేబుల్ మీద నిఖిల వదిలేసి వెళ్లిన టచ్ స్క్రీన్ లాప్‌టాప్ ఉంది. అందులో ఆదేశాలు టైప్ చేసే నల్లటి టెర్మినల్ కిటికీ తెరిచి ఉంది.

మృదుల 'మేక్' అని టైప్ చేసి ఎంటర్ నొక్కింది. లైన్లు పైకి పరుగెత్తాయి. ఒక్కో ఫైలు పేరూ చెబుతూ, దాన్ని యంత్రానికి అర్థమయ్యే ముక్కగా మారుస్తూ, ఆ ముక్కలన్నీ చివర కలిపి ప్రోగ్రాం చేయడం, అంటే బిల్డ్ చేయడం, మేక్ పని. నిన్న ఆగిన చోటే మళ్లీ ఆగింది. ఆమె ఎర్రర్‌ను పైకి చదివింది. "నిలకడ అనే ముక్కను తయారుచేసే దారి లేదు." తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. పొద్దుటినుంచీ పెదవి విప్పి మాట్లాడటం అదే మొదలని అప్పుడు గుర్తొచ్చింది.

ఎర్రర్లు వరసగా వస్తే చివరిది చూసి లాభం లేదు. మొదటిది పట్టుకోవాలి. మిగతావన్నీ దాని వెంట పుట్టినవే. పెళ్లికి ముందు హైదరాబాదులో ఉద్యోగం చేసిన రోజుల్లో ఒక సీనియర్ చెప్పిన మాట అది. ఆమె మొదటిదే పట్టుకుంది. వణుకును పక్కన పెట్టే ఆ నిలకడ ముక్క కావాలంటే, మనుషులు రాసిన నిలకడ సోర్స్ ఫైలు ఉండాలి. ప్రాజెక్టులో ఫోల్డర్లన్నీ వెతికింది. ఎక్కడా లేదు.

ఆ ప్రోగ్రాంలో తెలుగు భాగం చూసుకునే ప్రజ్వల్ కెనడాలోనే దూరాన ఉన్న రెజైనాలో ఉంటాడు. ఏదో ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం. ఖాళీ వేళల్లో ఈ పని. మెయిల్ పెడితే వెంటనే వీడియో కాల్‌కు వచ్చాడు. అతని వెనక ఒక బేస్‌మెంట్ గోడ, గోడ పైఅంచున చిన్న కిటికీ, ఆ కిటికీకి సగం వరకు మంచు.

"మేడమ్, చివరి లైను కాపీ చేసి పంపిస్తరా?"

"చివరి లైనులో ఆగిపోయాననే ఉంటుంది బాబూ. మొదటి ఎర్రర్ చదువుతాను వినండి."

చదివింది. అతను తల గోక్కున్నాడు.

"నా దాంట్లో మంచిగనే బిల్డ్ అయితుంది. పొద్దున కూడ చేసిన. మీరు డౌన్‌లోడ్ సరిగ చేసుకోలేదేమో."

"పాతది తీసేసి మళ్లీ దించుకున్నాను. అక్కడే ఆగుతోంది. అసలు ఆ సోర్స్ ఫైలే ప్రాజెక్టులో లేదు."

"లేకుంటే నా దాంట్లో ఎట్ల అయితది మేడమ్?" అతను నవ్వాడు. "మీరు ఇంతకుముందు ఎక్కడన్న చేసిన్రా, ఈ పని?"

"పెళ్లికి ముందు. హైదరాబాదులో."

"ఓ. అప్పటికీ ఇప్పటికీ చాలా మారింది కదా."

"మేక్ మారలేదు," అంది మృదుల.

ఈసారి అతను నవ్వలేదు. ఆమెకూ పంతం వచ్చింది. మేక్ స్వభావం ఆమెకు తెలుసు. అది పొదుపరి. ఫ్రిజ్‌లో నిన్నటి పప్పు గిన్నె ఉంటే మళ్లీ పప్పు ఉడకేయదు. కొత్తగా కావాల్సిన అన్నం మాత్రం వండి, రెండూ వడ్డించేస్తుంది. ఇంట్లో కందిపప్పు ఉందా, అయిపోయిందా అని డబ్బా తీసి కూడా చూడదు. ఇతని ఫోల్డర్‌లో నిలకడ అనే ముక్క ఎప్పుడో తయారై పడి ఉంటుంది. దాన్నే రోజూ కలుపుకుంటూ పోతోంది. సోర్స్ ఎప్పుడు పోయిందో ఇతను గమనించలేదు.

"మీ దగ్గర పాత ముక్కలు ఉండిపోయి ఉంటాయి. ఒకసారి క్లీన్ కొట్టి మొదట్నుంచి బిల్డ్ చేయండి. అప్పుడూ అయితే తప్పు నాదేనని ఒప్పుకుంటాను."

"దానికేముంది. మీ ముందట్నే చేసి చూపిస్త."

అతని తెర ఆమె తెర మీదికి వచ్చింది. 'మేక్ క్లీన్' అని చకచకా కొట్టాడు. క్లీన్ అంటే అంతకుముందు తయారైన ముక్కలన్నీ తుడిచేసి ఫోల్డర్ ఖాళీ చేయడం. మళ్లీ మేక్ అన్నాడు. లైన్లు పరుగెత్తాయి. మృదుల చేతులు ఒళ్లో పెట్టుకుని చూసింది. ఆగింది. అదే చోట, అవే అక్షరాలు.

గెలిచానన్న భావం ఒక్క క్షణమే నిలిచింది. ఎందుకంటే ప్రజ్వల్ వాదించలేదు. తెర మీద అతని కర్సర్ ఒక ఫోల్డర్‌లోకి వెళ్లింది, ఇంకో ఫోల్డర్‌లోకి వెళ్లింది, తిరిగి మొదటిదానికే వచ్చింది.

"ఆగండి," అన్నాడు. "ఒక్క నిమిషం ఆగండి మేడమ్."

"ఏమైంది?"

"పోయింది."

"సోర్స్ ఉంటుంది కదా. వెతికి పెట్టండి. నాకు తొందరేం లేదు, రేపటికిచ్చినా సరే."

"సోర్స్ లేదక్కా." మేడమ్ అన్న పిలుపు ఎప్పుడు జారిపోయిందో అతనికే తెలియలేదు. "నా దగ్గర ఎప్పుడూ లేకుండె. ఆ ముక్క నేను రాయలే. తయారుచేసిన ముక్క ఒక్కటే ఇచ్చింది తను. తెచ్చి బిల్డ్ ఫోల్డర్‌ల పెట్టిన. ఆ ఫోల్డర్‌ల పెట్టినవి వేరేచోట ఎక్కడా దాచుకోము కదా, ఎప్పుడైనా మళ్లీ తయారైతయని. మర్చిపోయిన. ఇన్నేండ్లు నడుస్తనే ఉండె, నాదే అనుకున్న."

వణికే చేతిని అర్థం చేసుకునే పలక ఇంతసేపూ రెజైనాలోని ఆ బేస్‌మెంట్‌లో ఉంది. తయారుగా, నడుస్తూ ఉంది. ఆ ముక్క కాపీ చేసి పంపమని అడిగి ఉంటే సరిపోయేది. మృదుల మాత్రం క్లీన్ చేయమంది.

"తను అంటే ఎవరు?"

అతను వెనక్కి తిరిగి కిటికీ వైపు చూశాడు.

"తేజశ్రీ. ఒకే కాలేజీ, ఇక్కడికి ఒకేసారి వచ్చినం. వాళ్లమ్మ కోసం రాసింది ఆ ముక్క. వీడియోల చేయి చూసిన్రు కదా, వాళ్లమ్మదే. నేనే తీసిన. బాగుందని పేజీల పెట్టిన. అడగలే. కింద నా పేరుండె. మస్తు మంది మెచ్చుకున్నరు, తర్వాత వాళ్లమ్మ పోయింది. వీడియో తీసెయ్యమంది. తీస్త తీస్త అన్న."

"తియ్యలేదు."

"తియ్యలే. అప్పట్నుంచి సోర్స్ ఇస్త అనుడు ఆపేసింది. మాట్లాడుడు కూడ."

"ఎందుకు తియ్యలేదు ప్రజ్వల్?"

"అక్కా, నేను ఆఫీసుకు పోయి వస్త, వండుకుంట, పంట. ఆ పేజీ తెరిస్తే ఎవరో ఒకరు థాంక్స్ చెప్పి ఉంటరు. ఏ దేశమోళ్లో కూడ తెల్వదు. నన్ను పేరు పెట్టి పిలిచేది అక్కడనే."

కోప్పడదామని తెరిచిన నోరు మృదుల మూసుకుంది. మెట్ల కిందినుంచి రాజగోపాల్ నవ్వు వినిపించింది. ఆ నవ్వు ఆగేదాకా ఉండి, "ఆమె నంబరివ్వండి," అంది.

"లండన్‌ల ఉంటది, హాస్పిటల్ల పని. నా పేరు చెప్పకండి."

"చెబుతాను. చెప్పకుండా అడిగితే అది ఇంకో దొంగతనమవుతుంది."

తేజశ్రీ ఫోన్ ఎత్తింది. మృదుల తన పేరు, రాఘవులుగారి సంగతి, గురువారం సంగతి, చివరికి ప్రజ్వల్ పేరు వరసగా చెప్పింది. అవతల ఏదో మెషీన్ చప్పుడు, ఎవరో నడుస్తున్న చప్పుడు.

"వీడియో ఇంకా ఉందాండీ అక్కడ?"

"ఉంది."

"నేను చూడను. ఎవరైనా షేర్ చేస్తే మాత్రం కనపడుతూ ఉంటుంది. అమ్మ గాజు కనపడుతుంది. ఆ వీడియో పోయాక ఫోన్ చేయండి," అంది. ఫోన్ పెట్టేసింది.

ఆ మాట మృదుల ప్రజ్వల్‌కు ఉన్నదున్నట్టు చెప్పింది. సాయంత్రం పేజీ తెరిచి చూసింది. వీడియో ఉన్నచోట తెల్లగా ఖాళీ ఉంది. కింద రాసినవారి పేరు దగ్గర తేజశ్రీ అని మారింది. ఆ సంగతి తేజశ్రీకి ఫోన్ చేసి చెప్పింది. ప్రజ్వల్ నుంచి మెసేజేమీ రాలేదు. తనే పెట్టింది, తిన్నారా అని. జవాబుగా అతను కూడా బొటనవేలు బొమ్మే పంపాడు. కానీ దాని తర్వాత ఇంకో లైను వచ్చింది. ఉప్మా అక్కా, ముద్ద అయింది.

బుధవారం ఉదయం ఆమె లాప్‌టాప్ చంకలో పెట్టుకుని కనకదుర్గ ఇంటికి వెళ్లింది. రాఘవులు కిటికీ పక్క కుర్చీలో ఉన్నారు. ఎదురుగా బస్ స్టాప్. బస్సు వచ్చి ఆగినప్పుడల్లా ఆయన కుడికాలు కొద్దిగా బిగుసుకుంటుంది.

"అదిగో, ఆయన బ్రేకేశారు," అంది కనకదుర్గ. "రోజంతా ఇంతే. పెన్షనిచ్చి పంపినా డ్యూటీ మానరు." ఆమె పెట్టిన ఇడ్లీ మృదుల తినేలోపు ఇంకో నాలుగు మాటలు చెప్పింది. రాత్రి నిద్ర పట్టలేదని, ఆ నర్సింగ్ హోమ్‌లో పెరుగు దొరుకుతుందో లేదో అని, ఆయన ఇంట్లోనే ఉంటారని, తనకు తెలుసని. చివరిది రెండోసారి చెప్పినప్పుడు భర్త వైపు చూసి చెప్పింది. "కదండీ?" రాఘవులు తల ఊపారు.

తేజశ్రీ పంపిన నిలకడ సోర్స్ ఫైలు అప్పటికే మెయిల్లో వచ్చి ఉంది. వెంట ఒక్క వాక్యమూ లేదు. మృదుల దాన్ని ఉండాల్సిన ఫోల్డర్‌లో పెట్టి తేజశ్రీకి ఫోన్ చేసింది. చేతులు ఖాళీ లేక స్పీకర్ ఆన్ చేసి టేబుల్ మీద పెట్టింది.

మేక్. ఎంటర్. లైన్లు కదిలాయి. కనకదుర్గ పక్కకు వచ్చి నిలబడి, గుళ్లో హారతి చూసినట్టు ఆ అక్షరాల పరుగు చూసింది. నిలకడ పేరు వచ్చింది. దాటింది. తర్వాతవి దాటాయి. ఉన్నట్టుండి అంతా ఆగి, కింద ఖాళీ లైనులో కర్సర్ ఒక్కటి మిణుకుమిణుకుమంది.

"మళ్లీ ఆగిందా?"

"లేదాంటీ, అయింది."

"అయిందని చెప్పదా?"

"చెప్పదు. తప్పుంటేనే మాట్లాడుతుంది."

"మా అత్తగారి లాగ," అంది కనకదుర్గ. ఇన్ని వారాల్లో మొదటిసారి ఇద్దరూ నవ్వారు.

పలక తెరిచి రాఘవులు ముందు పెట్టారు. ఆయన ఎడమచేయి లేచింది. వణుకుతూ తెర దగ్గరికి వచ్చింది. "అన్నం," అంది పలక. "చలి." "అన్నం." "కాలు." ఆయన చేయి వెనక్కి తీసుకుని, మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు.

"తేజశ్రీ, పట్టుకోవడం లేదు. గంతులేస్తోంది."

"పట్టుకోదండీ," ఫోన్లోంచి గొంతు వచ్చింది. "అందులో వణుకు కొలతలన్నీ మా అమ్మ చేతివి. ఆయన చేతికి ఆయనవే కొలవాలి. ఒక ఫైల్లో మార్చి మళ్లీ బిల్డ్ చేస్తే చాలు, అదేమంత పని కాదు. కొలవడమే కష్టం."

"ఎలా కొలవాలి?"

"ఊరికే నీళ్లు తాకండి, అన్నం తాకండి అంటే రాదు. అమ్మతో నాకు తెలిసినంతవరకు చెబుతున్నాను. ఏదో ఒకటి తాకే చేయి వేరు, నిజంగా కావాల్సినదాని వైపు వెళ్లే చేయి వేరు. ఆ రెండోది దొరకాలి. ఆయనకు ముఖ్యమైన ప్రశ్నే అడగాలి మీరు."

"రేపు అడగబోయేదే అడగనా?"

"అదే అడగండి. ఇంకోటి. అడిగేటప్పుడు గదిలో మీరొక్కరే ఉండండి. ఆయన భార్య ఉండకూడదు."

మృదుల చేయి ఫోన్ వైపు వెళ్లింది, స్పీకర్ ఆపడానికి. కనకదుర్గ ఆ చేతి మీద తన చేయి వేసి ఆపింది.

"ఎందుకమ్మా?" అంది ఫోన్‌తో. గొంతు మామూలుగానే ఉంది. "నేనే ఆవిడని. ఎందుకుండకూడదు?"

"సారీ ఆంటీ. మీరున్నారని తెలీదు."

"తెలిసిందిగా. చెప్పు."

"నేను ఎదురుగా ఉన్నప్పుడు అమ్మ ఎప్పుడూ ఇల్లు బొమ్మే తాకేది. నాకు దాని మీద సందేహమే రాలేదు. ఒకరోజు నర్సు ఒక్కతే ఉన్నప్పుడు అడిగింది. వేరే బొమ్మ తాకింది. నన్ను బాధపెట్టకూడదని అన్నాళ్లూ… అందరూ అలాగే ఉంటారని కాదు ఆంటీ. కొలత సరిగ్గా రావాలంటే చెబుతున్నాను, అంతే."

కనకదుర్గ భర్త వైపు చూసింది. ఆయన బస్ స్టాప్ వైపు చూస్తున్నారు. స్టాప్‌లో బస్సు లేదు.

"ఆయన కోసం ఎడమవైపు నుంచి వడ్డించడం నేర్చుకున్నాను," అంది మృదులతో, చాలా చిన్న గొంతుతో. "కుడివైపు ఆయన కంటికి సరిగా ఆనదని." బూట్లు తొడుక్కుంది. కోటు వేసుకోలేదు. మృదుల తీసి ఇవ్వబోతే వద్దని తలూపి బయటికి వెళ్లి, తలుపు తనే లాగి మూసింది. తలుపు అద్దంలోంచి మెట్టు మీద నిలబడిన ఆమె వీపు మసకగా కనిపిస్తోంది.

మృదుల రెండే బొమ్మలు తెర మీద ఉంచింది. ఎడమవైపు ఇల్లు, కుడివైపు నర్సింగ్ హోమ్ గుర్తుగా పెద్ద భవనం, వరసగా మంచాలు. కుర్చీ దగ్గరికి వంగింది. ప్రశ్న ఎలా మొదలుపెట్టాలో మాటలు కూడగట్టుకుంటోంది.

రాఘవులు తల తిప్పి తలుపు వైపు చూశారు. అది మూసి ఉందని చూసుకున్నారు. ఆమె ఇంకా ఏమీ అడగలేదు. ఆయన ఎడమచేయి మోకాలి మీదినుంచి లేచింది. వణుకుతోంది, కానీ ఈసారి తడుముకోవడం లేదు. నెమ్మదిగా, తిన్నగా తెర వైపు వెళ్లింది.

కుడివైపుకు.